చివరి బల్ల మీద తాతగారి వేళ్లు

ఆ ఆఫీసులో చివరి బల్ల దగ్గర కూర్చోమంటే ఎంతటివాడికైనా కడుపునొప్పి వచ్చేది. నిజం నొప్పి కాదు లెండి... సెలవడగడానికి పనికొచ్చే నొప్పి.

డాక్టర్లు నోటితో చెప్పి పంపిన రిపోర్టుల్ని విని టైపు చేసిపెట్టే ఆఫీసు అది. సాయంత్రం రోగుల్ని చూడటం అయ్యాక గానీ రికార్డింగులు వచ్చేవి కావు కాబట్టి పనంతా రాత్రిపూటే. పొడుగాటి గది. గోడవారగా ఇనప బల్లలు, ఒక్కో బల్ల మీద ఒక పెద్ద స్క్రీను. వచ్చినవాళ్లు తమకిచ్చిన లాప్‌టాప్‌కి ఆ స్క్రీను వైరు తగిలించుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని పనిలో పడేవాళ్లు. చివరి బల్ల స్తంభానికి ఆనుకుని ఉండేది. కుర్చీ వెనక్కి జరగదు. పైనున్న ట్యూబులైటు మనసైతే వెలిగేది, లేకపోతే లేదు.

ఆ బల్ల మీద ఏ లాప్‌టాప్ పెట్టినా దానికి పూనకం వచ్చేదని చెప్పుకునేవాళ్లు.

అయిదు నొక్కితే శాతం గుర్తు పడేది. చిన్నక్షరం నొక్కితే పెద్దక్షరం పడేది. ఒక్కోసారి... ఎవరూ ఏదీ నొక్కకుండానే సున్నాలు పాక్కుంటూ వచ్చేవి. ఒకటి — దాని వెనక ఇంకొకటి. అదే లాప్‌టాప్‌ని పక్క బల్ల మీద పెడితే ఏమీ ఎరగనట్టు బుద్ధిగా పనిచేసేది.

అది ఎవరి పనో అందరికీ తెలుసు. తాతగారి పని.

తాతగారంటే ఆ బల్ల దగ్గర ఏళ్ల తరబడి టైపు చేసిన పెద్దాయన. లావు వేళ్లు. లాప్‌టాప్ మీదుండే చిన్న మీటలు ఆయనకి అందేవి కావు. అందుకని ఇంటి నుంచి పెద్ద కీబోర్డు ఒకటి తెచ్చుకున్నాడు. సూపర్‌వైజరు దాన్ని తీయించేశాడు. ఆ తర్వాత తాతగారి పని నెమ్మదించింది, తప్పులు పడ్డాయి, ఉద్యోగం పోయింది. కొన్నాళ్లకి ఆయనే పోయాడు. పోయాక కూడా ఆ కుర్చీ వదల్లేదని, కూర్చున్నవాళ్ల వేళ్ల మీద వేళ్లు వేసి కొడుతున్నాడని చెప్పుకునేవాళ్లు.

ఈ కథ విన్నప్పుడల్లా సూపర్‌వైజరు పళ్లు కనపడకుండా నవ్వేవాడు. దెయ్యాలంటే ఆయనకి చులకన. ఆ మాటకొస్తే మనుషులన్నా చులకనే.

ఆయన్ని వెనకాల అందరూ తాళాల గుత్తి అనేవాళ్లు. నడుముకి వేలాడే ఆ గుత్తి చప్పుడు ఆయనకంటే ముందు గదిలోకి వచ్చేది. బల్లల మీద సొంత సామాను ఉండకూడదన్నది ఆయన పెట్టిన నియమం. ఒకావిడ నడుంనొప్పికి దిండు తెచ్చుకుంటే లాక్కున్నాడు. ఒకాయన నవల లాక్కున్నాడు. ఏసీ చలికి కప్పుకున్న శాలువా కూడా లాక్కున్నాడు. లాక్కున్నవన్నీ సొరుగులో కుక్కి తాళం వేసేవాడు. తిరిగి ఇచ్చిన పాపాన ఎప్పుడూ పోలేదు.

ఇంట్లోనూ ఇదే వరస. టీవీ రిమోట్ కూడా బీరువాలోనే.

ఇక చివరి బల్ల మీది లాప్‌టాప్ సంగతి. లాప్‌టాప్ రిపేరు చేసే అతను వచ్చాడు, భాష సెట్టింగు చూశాడు, అంకెల లాక్ చూశాడు, బ్రష్షుతో దుమ్ము దులిపాడు. చివరికి లాప్‌టాప్‌ని షాపుకి తీసుకెళ్లాడు. షాపులో అది పసిపాపలా ఉందని కబురు చేశాడు. జబ్బు బల్ల దగ్గరైతే షాపులో ఏం కనపడుతుంది? ఆ మాత్రం ఆలోచన అతనికీ రాలేదు, పంపించిన మహానుభావుడికీ రాలేదు. పైగా సూపర్‌వైజరు దాన్నే రుజువుగా పట్టుకున్నాడు. మిషన్ బాగుంది, దెయ్యం లేదు, అంటే తప్పు వేళ్లదే. అలా చివరి బల్ల దగ్గర ఇద్దరి ఉద్యోగాలు ఊడపీకించాడు. ఇద్దరి కాగితాల మీదా ఒకటే కారణం — అజాగ్రత్త.

ఆ తర్వాత ఆ బల్లకి వచ్చింది ఆయన సొంత మరదలు. భార్యకి చెల్లెలు.

ఆ అమ్మాయి బావగారింట్లో ముందుగదిలో, చెప్పుల స్టాండు పక్కన మడత మంచం మీద పడుకునేది. ఈ ఉద్యోగం నిలబడితే ఎక్కడో ఒక గది అద్దెకి తీసుకోవాలని ఆశ. తన గది, తన తలుపు, తన గడియ. అంతకంటే పెద్ద కోరికలేం లేవు. బావగారేమో తనకి పక్షపాతం లేదని ఆఫీసంతా చూడాలని, ఏరికోరి చివరి బల్ల దగ్గరే కూర్చోబెట్టాడు. తన పేరు కోసం మరదల్ని దెయ్యానికి అప్పజెప్పిన మనిషి.

ఆమె రిపోర్టుల్లోనూ రెండుసార్లు సున్నా ఎక్కువ పడింది. రెండుసార్లూ ఆసుపత్రిలో నర్సు పట్టుకుంది కాబట్టి సరిపోయింది. మూడోసారి పడితే పంపించేయమని ఓనరు చెప్పాడు. చెల్లెల్ని పంపించేసి వస్తే మీరు కూడా గుమ్మం బయటే ఉండండని ఇంట్లో భార్య చెప్పింది.

ఆ రాత్రి మిగతావాళ్లు పని ముగించుకుని జారుకున్నారు. గదిలో బావామరదళ్లు ఇద్దరే మిగిలారు. ఇంకా ఒక్క రిపోర్టు ఉంది — ఒక పసిబిడ్డది.

ఆమె కుర్చీలోంచి లేచింది. "నేను కొట్టను బావా. ఇది చంటిపిల్ల మందు" అంది మెల్లగా.

సూపర్‌వైజరుకి ఒళ్లు మండింది. చదువుకున్నదానివి, నీకూ ఆ పిచ్చి అంటిందా అన్నాడు. టైపు చేయడం చేతకాని ప్రతివాళ్లకీ ఈ తాత దొరికాడన్నాడు. తానే కూర్చుని కొట్టి చూపిస్తానని, తప్పు పడకపోతే పొద్దున ఆమె రాజీనామా రాసివ్వాలని పందెం కట్టాడు. ఆమె వెళ్లి తలుపు దగ్గర పొట్టి స్టూలు మీద కూర్చుంది.

ఆయన కుర్చీని బల్ల కిందకంటా లాక్కున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. వేళ్లు విరుచుకున్నాడు.

మొదటి వరస పడింది. రెండో వరస పడింది. మరదలి వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు.

డాక్టరు గొంతు అయిదు చుక్కలు అంది. అయిదు నొక్కాడు.

శాతం గుర్తు పడింది.

చెరిపి మళ్లీ నొక్కాడు. మళ్లీ శాతమే. విసుక్కుంటూ లాప్‌టాప్‌ని ఆపి మళ్లీ వెలిగించాడు. నొక్కాడు... శాతం. ఇది దీని రోగమని ఆ లాప్‌టాప్‌ని పక్కన పడేసి, తన గదిలోంచి తన సొంత లాప్‌టాప్ తెచ్చాడు. ఇంకొకళ్లని వేలు కూడా పెట్టనివ్వని లాప్‌టాప్ అది. వైరు తగిలించి, కుర్చీ లాక్కుని, అయిదు నొక్కాడు.

శాతం...

పైన ట్యూబులైటు గిలగిల్లాడి సర్దుకుంది.

కీబోర్డు బొమ్మని స్క్రీను మీదకి తెచ్చే ఉపాయం ఒకటుంది. ఏ మీట నొక్కితే బొమ్మలో ఆ మీట వెలుగుతుంది. తెలిసినవాడే కాబట్టి ఆయన దాన్ని తెరిచాడు. బొమ్మ వచ్చింది.

అందులో షిఫ్టు మీట వెలుగుతోంది. ఆయన వేళ్లు దాని దరిదాపుల్లో కూడా లేవు.

సూపర్‌వైజరు రెండు చేతులూ పైకెత్తేశాడు. దొంగ ఎదురుపడితే ఎత్తినట్టు. షిఫ్టు ఆరింది... హమ్మయ్య అనుకునేలోపు సున్నా వెలిగింది.

ఒక సున్నా పడింది. ఇంకొకటి. అయిదు చుక్కల వరసలో బిలబిలమంటూ సున్నాలు...

అప్పుడు వినపడింది. హెడ్‌ఫోన్లలోంచి కాదు — కిందనుంచి. ఆయన ఒళ్లో నుంచే అన్నట్టు.

టక్... టక్... టక్...

లావు వేళ్లతో ఎవరో నిదానంగా కొడుతున్న చప్పుడు.

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. లేవబోతే కుర్చీ స్తంభానికి తగిలి ఆగిపోయింది. "తాతగారూ..." అన్నాడు. అంతకాలం ముసలాడా అన్న నోటితోనే, గారు కూడా చేర్చి అన్నాడు. ఆయన వణికేకొద్దీ చప్పుడు పెరిగింది. చప్పుడు పెరిగేకొద్దీ సున్నాలు పెరిగాయి. స్క్రీను నిండిపోయింది.

"బావా..." మరదలి గొంతు తలుపు దగ్గర నుంచి వచ్చింది. "మీ మోకాళ్లు."

ఆయనకి అర్థం కాలేదు.

"మోకాళ్లు పక్కకి తియ్యండి."

తీశాడు. సున్నాలు ఆగిపోయాయి. చప్పుడూ ఆగిపోయింది.

పొట్టి స్టూలు మీద కూర్చున్న మనిషికి బల్ల కింద భాగం చక్కగా కనపడింది. ఆమె దగ్గరికొచ్చి వంగింది. బల్లకి కింద ఒక రేకు సొరుగు ఉంది. పట్టనంత కుక్కడం వల్ల అడుగు రేకు కిందకి జారి ఉబ్బింది. కుర్చీ వెనక్కి జరగని చోట, కూర్చున్న ఎవరి మోకాళ్లయినా దానికి తగలాల్సిందే. ఆమె ఆ రేకుని వేలితో పైకి నొక్కింది. టక్... స్క్రీను మీద ఇంకో సున్నా పడింది.

"తాళం తియ్యండి బావా" అంది.

గుత్తిలో ఆ తాళంచెవి ఆయనకి వెంటనే దొరకలేదు. కళ్లు మూసుకుని తీయగలిగిన తాళమే అది. ఆఫీసు మొత్తంలో సరిగ్గా తాళం పడే సొరుగు అదొక్కటేనని, లాక్కున్నవన్నీ అందులోనే దాస్తూ వచ్చింది ఆయనే.

దిండు వచ్చింది. శాలువా వచ్చింది. నవలలు, ఒక చిన్న రేడియో, టిఫిను డబ్బా వచ్చాయి. అన్నిటికంటే అడుగున, రేకు మీద బోర్లా పడుకుని, తాతగారి పెద్ద కీబోర్డు. వైరు లేని రకం. ఆమె స్క్రీను వెనక చెయ్యి పెట్టి తడిమింది. కీబోర్డు చెప్పింది విని లాప్‌టాప్‌కి చేరవేసే గోరంత ముక్క, తాతగారు పెట్టిన చోటే ఉంది; స్క్రీను వైరు తగిలించిన ప్రతి లాప్‌టాప్‌కీ అదే చేరవేస్తూ వచ్చింది. కీబోర్డు లాక్కున్నవాడికి ఆ ముక్క కూడా పీకాలని తోచలేదు.

ఆమె దాన్ని ఊడదీసి, కీబోర్డు మీద అరచెయ్యి వేసి నొక్కింది. స్క్రీను మీద ఏమీ పడలేదు.

సూపర్‌వైజరు తాళంచెవిని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పాడు. ఇద్దరి ఉద్యోగాలు తీయించింది ఏ వేళ్లు చేసిన తప్పుకో ఇప్పుడు తెలిసింది. చివరికి గొంతు తగ్గించి, మరదలి వైపు చూడకుండా అడిగాడు.

"ఓనరుగారికి... దెయ్యమనే చెబుదామా?"

ఆమె ఆయన వైపు చూసింది. చెప్పుల స్టాండు పక్కన పడుకున్న అన్ని రాత్రుల్లోనూ ఆయన్ని అలా చూసే ధైర్యం చేయలేదు.

"తాతగారు పసిపిల్లల మందులో సున్నాలు కలిపే మనిషి కాదు బావా" అంది.

గోరంత ముక్కని మళ్లీ పెట్టింది. తాతగారి కీబోర్డుని శుభ్రంగా తుడిచి బల్ల మీద పెట్టుకుంది. బల్ల మీద సొంత సామాను అంటూ ఆయన నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది గానీ, మిగతా మాట బయటికి రాలేదు. ఆమె రిపోర్టు కొట్టింది. అయిదు అయిదుగానే పడింది. తర్వాత ఓనరుకి జరిగింది జరిగినట్టు రాసింది. ఉద్యోగాలు పోయిన ఇద్దరి పేర్లూ మొదట రాసి, తన పేరు చివర్న పెట్టి పంపించేసింది.

ఆ తర్వాత సొరుగులో దొరికినవన్నీ రెండు చేతులా ఎత్తుకుని లేచింది. దిండు దిండావిడ కుర్చీలో పెట్టింది. నవలలు, రేడియో, శాలువా, డబ్బా వాళ్లవాళ్ల బల్లల మీద పెట్టింది. ఆయన గుత్తి మోగకుండా చేత్తో పట్టుకుని వెనకాలే నడిచాడు.

చివరికి తాతగారి కీబోర్డు మిగిలింది. దాన్ని ఎవరికి ఇవ్వాలో ఇద్దరికీ తెలియలేదు.