నైటీ మీద తుండు

“డైనింగ్ హాల్లోకి లుంగీ కట్టుకుని రాకూడదు. నైటీ వేసుకుని రాకూడదు. చేతుల్లేని బనియను అసలు కుదరదు. సాయంత్రం భోజనానికి మగవాళ్ళకు కోటు తప్పనిసరి.”

కార్తీశ్వరి చదవడం ఆపి తలెత్తింది. రెండువేల ఏడు, మే నెల ఎండ. విరుదునగర్ మదురై రోడ్డులో, మేడ మీది ట్రావెల్ ఆఫీసు నిండా సిమెంటు డీలర్లు. బస్తాలు బాగా అమ్మినందుకు కంపెనీ వాళ్ళను సింగపూర్ తీసుకుపోయి ఓడ ఎక్కిస్తోంది. వాళ్ళలో ఓడ ఎక్కినవాడు ఒక్కడు లేడు. కోటు తొడిగినవాడూ లేడు.

వెనక వరుసలో ఒకడు లేచాడు. కోవిల్‌పట్టి పాండీశ్వరన్. పక్కన వాళ్ళమ్మ సెల్లత్తాయి. పెళ్ళి కాలేదు కాబట్టి రెండో టికెట్టు అమ్మకే.

“మేడం, ఒక డౌటు. ఓడలో స్విమ్మింగ్ పూల్ ఉందంటిరే, అక్కడ ఏం వేసుకుంటారు?”

“స్విమ్మింగ్ డ్రెస్.”

“అంటే జానెడు గుడ్డ. అది సరే. మా అమ్మ మెడ నుంచి మడమ దాకా వేసుకునే నైటీ మాత్రం తప్పు. అంతేనా?”

హాలంతా గొల్లుమంది. కార్తీశ్వరి చెవులు వేడెక్కాయి.

“పూల్ పూలే, హాల్ హాలే సార్. రూలు నేను రాయలేదు.”

“చదివేది మీరే గదా.”

ఇదంతా తమిళంలో నడిచింది. పాండీశ్వరన్ కూర్చుంటూ అమ్మ చెవిలో అన్నమాట మాత్రం ఇంటి తెలుగులో పడింది. “అమ్మా, ఈ పిల్ల స్కూలు ఇన్‌స్పెక్టరు మాదిరి ఉండాది. దీన్ని కట్టుకునేవాడు పండుకునే ముందర టై కట్టుకోవాల.”

తెలుగు ఎవరికి తెలుస్తుందిలే అని వాడి ధైర్యం. కార్తీశ్వరి ఇంట్లోనూ అదే తెలుగని వాడికేం తెలుసు? ఆమె విన్నది. మనసులో రాసిపెట్టుకుంది. ముఖం మాత్రం కదల్చలేదు.

కదిల్చే స్థితిలోనూ లేదు. ఇది ఆమె మొదటి ట్రిప్పు. ఒక్క కంప్లైంట్ లేకుండా తిరిగి వస్తే ఉద్యోగం పర్మనెంట్ చేస్తానని ఓనరు లక్ష్మణసామి మాటిచ్చాడు. లేకపోతే, “చాల్లే నీ ఇంగ్లీషు, వచ్చి పప్పు చెరుగు,” అని నాన్న గురుసామి ముందే చెప్పేశాడు. ఆయన పప్పు మిల్లులో కూలి. ఈ ఉద్యోగం కోసం ఆమె చుడీదార్‌లో ఇల్లు దాటి, ఆఫీసు బాత్రూంలో మోకాళ్ళ దాకా ఉండే యూనిఫాం స్కర్టులోకి మారుతుంది. రోజంతా దాన్ని కిందికి లాక్కుంటూనే ఉంటుంది.

రూళ్ళలో చివరి లైను ఒకటి ఆమె చదవలేదు. ఎవరి దేశపు సంప్రదాయ దుస్తులు వాళ్ళు వేసుకోవచ్చు అని ఉంది అందులో. “ఆ లైను చదివావంటే అందరూ కైలీ లుంగీలే కట్టుకుని దిగుతారు. మింగెయ్,” అన్నాడు లక్ష్మణసామి. ఆయన తెల్ల చొక్కా, నీలం టై కట్టుకుని పెద్ద టేబుల్ వెనక కూర్చుంటాడు. డీలరు వచ్చినా, ఆఫీసరు వచ్చినా కుర్చీలోంచి లేవడు. అది పెద్దరికం అనుకునేది కార్తీశ్వరి.

* * *

ఓడ మీద రెండో సాయంత్రం.

సెల్లత్తాయి తలస్నానం చేసింది. విమానంలో చీర, సింగపూర్‌లో చీర, ఓడ మెట్ల మీద చీర. ఇక చాలనుకుని పూల నైటీ వేసుకుంది. దాని మీద తుండు కప్పుకోవాలి. కోవిల్‌పట్టిలో ఏ వీధికైనా వెళ్ళి చూడండి. ఆడమనిషి నైటీ వేసుకుని భుజాల మీదుగా తువ్వాలు కప్పుకుందంటే పూర్తిగా బట్టలు కట్టుకున్నట్టే లెక్క. పాలకు పోవచ్చు, రేషన్ షాపుకు పోవచ్చు, కౌన్సిలరును నిలదీయనూ వచ్చు. తుండు లేకపోతే గడప దాటదు. ఈ ఓడలో గది ఆమెకు ఇల్లు. బయటి వరండా వీధి. సొంత తుండు తడిసిపోయింది కాబట్టి గదిలో మడతపెట్టి ఉన్న ఓడ వాళ్ళ నీలం టవల్ కప్పుకుంది. దాని మీద ఓడ పేరు అరచేయంత అక్షరాల్లో ఉంది.

అలా దర్జాగా డైనింగ్ హాలు వాకిట్లోకి వచ్చి నిలబడింది.

“నో నైట్‌వేర్, ప్లీజ్,” అన్నాడు వాకిట్లో నిలబడ్డ సూపర్‌వైజరు. టవల్ మీద చూపు పడి ఇంకా బిగుసుకున్నాడు.

వెనకే పాండీశ్వరన్. వాకిలి పక్కనే నిలబడి డీలర్లను లోపలికి పంపుతున్న కార్తీశ్వరి వాడి కోటు చూసి నవ్వు బిగబట్టుకుంది. పెళ్ళి రిసెప్షన్లకు అద్దెకిచ్చే షాపులో తెచ్చినట్టున్నాడు. కుంకుమరంగు వెల్వెట్, మెడదాకా బంగారు గుండీలు, జేబు మీద నెమలి. సూపర్‌వైజరు ఆ నెమలికి వంగి నమస్కారం పెట్టి దారిచ్చాడు!

నెమలికి దారి ఉంది, తల్లికి లేదు. ఇలాంటి రూలు రాసినవాడిని ఆ ఓడ కిందే కట్టేసి ఈడ్చాలి.

“నేను గుడ్డ కట్టుకోకుండా వచ్చినానా ఏమి?” సెల్లత్తాయి అర్థంకాక కార్తీశ్వరిని తమిళంలో అడిగింది. “తుండు కూడా వేసినాను గదా తాయీ?”

తల్లీ అన్నట్టున్న ఆ ‘తాయీ’ పిలుపు దగ్గర కార్తీశ్వరి లోపల ఏదో తెగింది. మింగిన లైను గొంతులోంచి తన్నుకొచ్చింది.

“సర్,” అంది ఇంగ్లీషులో, కళ్ళు ఆర్పకుండా. “ఇది నైట్‌వేర్ కాదు. మా నేషనల్ డ్రెస్. రూళ్ళలో ఉంది, చదవండి.”

సూపర్‌వైజరు నైటీని కిందినుంచి పైకి చూశాడు. నమ్మాలా వద్దా తేలక, “మరి టవల్?” అన్నాడు. “అది మాదే. మా పేరుంది. అది తీసేస్తే లోపలికి రావచ్చు.”

“తుండు తీయాల్నా!” సెల్లత్తాయి రెండు చేతులతో టవల్ బిగించింది. “ఇంతమంది మగోళ్ళ ముందరనా? నన్ను కోసినా తీయను.”

కార్తీశ్వరి తన యూనిఫాం స్కార్ఫ్ విప్పి ఇచ్చింది. అది ఒక భుజానికి కూడా చాల్లేదు. అప్పుడు పాండీశ్వరన్ వైపు తిరిగింది. “సార్, మీ కోటు ఇవ్వండి. అమ్మకు కప్పుదాం.”

వాడు కదల్లేదు. కోటు గుండీ పట్టుకుని నేల చూశాడు.

“సార్!”

వాడు నెత్తి గోక్కున్నాడు.

ఇక ఆగలేదు కార్తీశ్వరి. తమిళం, ఇంగ్లీషు రెండూ పక్కకుపోయాయి. “ఏమయ్యా, కన్నతల్లికి కోటు విప్పి ఇయ్యను నీకు అంత బరువుగా ఉండాదా? ఆ పొద్దు అందరి ముందర లేచి అంత న్యాయం మాట్లాడినావే, ఇప్పుడు అమ్మను చూస్తే సిగ్గుగా ఉండాదా? తూ!”

తల్లీకొడుకులిద్దరూ నోరు తెరిచారు.

“నువ్వు మనోళ్ళ పిల్లవా తాయీ!” అంది సెల్లత్తాయి, ముఖమంతా వెలిగి.

పాండీశ్వరన్ ముఖం మాత్రం కోటు రంగుకు తిరిగింది. “అయితే ఆ పొద్దు... టై సంగతి...”

“విన్నాను. కోటు విప్పు.”

“సిగ్గు అమ్మను చూసి కాదు మేడం,” అన్నాడు నీరసంగా. ఒక్కో బంగారు గుండీ విప్పాడు. లోపల చొక్కా లేదు. చేతుల్లేని బనియను, దానికి పొట్ట దగ్గర రూపాయి బిళ్ళంత చిల్లి. “చేతులు బిగువు. చొక్కా వేస్తే కోటు ఎక్కలే. మెడదాకా గుండీలు ఉండాయి గదా, ఎవురు చూస్తారని...”

కార్తీశ్వరి పగలబడి నవ్వింది. ట్రిప్పు మొదలైనప్పటి నుంచి దాచిన నవ్వంతా ఒక్కసారే బయటికొచ్చింది. పాండీశ్వరన్ ఆ నవ్వునే చూస్తూ, చిల్లి బనియనుతో, కోటు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. సూపర్‌వైజరు చిల్లి బనియను వైపూ, పూల నైటీ వైపూ చూసి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

“మాకొద్దు పో నీ కూడు,” అంది సెల్లత్తాయి తెలుగులోనే. వాడికి బాగానే అర్థమైంది.

ముగ్గురూ పై డెక్కు మీద కూర్చుని, సెల్లత్తాయి డబ్బాలో తెచ్చిన పులిహోర తిన్నారు. గాలికి కార్తీశ్వరి స్కర్టు నిలవడం లేదు. ఆమె లాక్కుంటూనే ఉంది. సెల్లత్తాయి అది చూసింది. భుజాల మీది నీలం టవల్ తీసి ఆ పిల్ల మోకాళ్ళ మీద పరిచి, అంచులు తొడల కింద దోపింది. తన భుజాల మీద కొడుకు కోటు వేసుకుంది.

“ఇప్పుడు తిను,” అంది.

“మన వేష్టి పంచె కట్టుకోవచ్చని రూళ్ళలో ముందే ఉండిందా?” పాండీశ్వరన్ అడిగాడు.

“ఉండింది. నేను చదవలే. మా ఓనరు వద్దనె.”

“ఈ నెమలిని నేను అద్దెకు తెచ్చి మోస్తా ఉంటే చూసి నవ్వుకున్నావు.”

“నెమలి బాగానే ఉండాది.”

“నేను?”

ఆమె పులిహోరలో పల్లీలు ఏరుకుంటూ కూర్చుంది. ఏరిన పల్లీలు వాడి వాటాలో వేసింది.

* * *

విరుదునగర్‌లో కంప్లైంట్ ఆమెకంటే ముందే దిగి కూర్చుంది. ఓడ వాళ్ళు ఫోన్ చేశారు. మీ ఆఫీసు అమ్మాయి నైటీని నేషనల్ డ్రెస్ అని అబద్ధం చెప్పింది అని.

వారం రోజులు నానబెట్టి, “ఒక దారి ఉంది,” అన్నాడు లక్ష్మణసామి టై సర్దుకుంటూ. “నేను చెప్పినా ఆ ముసలామె వినలేదు, గొడవ చేసింది, నాతో అబద్ధం ఆడించింది అని ఓడ వాళ్ళకు ఫోన్ చేసి చెప్పు. తప్పు ఆమె మీదికి పోతుంది. నీ ఉద్యోగం నిలుస్తుంది.”

“చెప్పను సార్.”

“రేపటిదాకా ఆలోచించుకో.”

సాయంత్రం ఆఫీసు ఫోన్ మోగింది. ఓడలో తీసిన ఫోటోలు కడిగారా అని పాండీశ్వరన్. ఊరు చేరినప్పటి నుంచి రోజూ ఇదే అడుగుతున్నాడు. ఫోటోలు వాడి షాపుకు ఎప్పుడో చేరిపోయాయని ఇద్దరికీ తెలుసు.

“రేపటి నుంచి ఫోన్ చేయవద్దు. నేను ఇక్కడ ఉండను,” అంది కార్తీశ్వరి. సంగతంతా చెప్పింది. అవతల వాడు అంతా విని ఫోన్ పెట్టేశాడు.

ఇంతేనా, అనుకుంది. కళ్ళు తుడుచుకుని సొరుగు ఖాళీ చేసింది.

మరునాడు పొద్దున లక్ష్మణసామి, “ఫోన్ చేస్తావా?” అంటుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

సెల్లత్తాయి. పూల నైటీ, మీద ఎర్రంచు తుండు, చేతిలో రేషన్ సంచి. రేషన్ క్యూలో ఉండగా కొడుకు సంగతి చెబితే, క్యూ వదిలేసి అలాగే బస్సెక్కింది. వీధి చివర దాకా పోయే నైటీ సాత్తూరు దాటి జిల్లా మారి వచ్చింది.

“ఎవుర్రా ఇక్కడ ఓనరు?” తమిళం గుర్తు రాలేదు ఆమెకు. అవసరమూ పడలేదు. “లేచి నిలబడు ముందర. తల్లి వయసుది నిలబడుండాది, నువ్వు కూర్చోనుండావు!”

అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో వందమంది ఆడవాళ్ళ మధ్య వినబడేలా మాట్లాడిన గొంతు అది. లక్ష్మణసామి ఏ ఆఫీసరుకూ లేవనివాడు, స్కూల్లో పేరు పిలిచినట్టు ఠక్కున లేచాడు.

పైన తెల్ల చొక్కా, నీలం టై. కింద గళ్ళ కైలీ. అదీ మోకాళ్ళ పైకి మడిచి కట్టింది.

ఫ్యాను గాలికి దాని అంచు ఊగింది. లక్ష్మణసామి కైలీ మడత విప్పి కిందికి దించుకున్నాడు.

సెల్లత్తాయి కోపం ఎక్కడిదక్కడ దిగిపోయింది. “కింద కొంచెం గాలాడాల గదా నాయనా,” అంది మెల్లగా. “నాకూ అంతే.”

ముందు ఆయనే నవ్వాడు. నవ్వుతూ కూర్చోబోయి, ఆమె నిలబడే ఉందని చూసి మళ్ళీ లేచాడు. “కార్తీశ్వరీ, అమ్మకు కుర్చీ వెయ్. ఓడ వాళ్ళతో నేను మాట్లాడుకుంటా. సొరుగులో నీ సామాను మళ్ళీ సర్దుకో.” ఒక అడుగు వేయబోయి ఆగాడు. “వచ్చే ట్రిప్పుకు ఆ చివరి లైను మొదట చదువు. నువ్వూ ఆ స్కర్టు మానెయ్. చుడీదార్‌లో రా. ఇక్కడ జరిగింది మాత్రం కిందికి పోకూడదు.”

“నీది టేబుల్ కిందనే ఉండాది గదా, ఎక్కడికి పోతాది?” అంది సెల్లత్తాయి.

* * *

కార్తీశ్వరి స్కర్టు విప్పి చుడీదార్‌లోకి మారి కిందికి దిగేసరికి వాన. మేలో ఎప్పుడో పడే వాన, పెద్ద పెద్ద చినుకులు. పరోటా కొట్టు పందిరి కింద పాండీశ్వరన్ నిలబడి ఉన్నాడు. కుంకుమరంగు కోటు, బంగారు గుండీలు, నెమలి.

“ఇది ఇంకా తిరిగి ఇయ్యలేదా?” కార్తీశ్వరి.

“పులిహోర నూనె అంటుకునె. షాపువాడు వద్దనె. నాకే అమ్మేసినాడు.” వాడు గొంతు సవరించుకున్నాడు. “అమ్మ నైటీలో పోతా ఉంటే నేను మాత్రం మామూలుగా ఎట్ల వచ్చేది? నువ్వు అడిగితివే, సిగ్గా అని.”

“లోపల చొక్కా ఉండాదా?”

“లేదు.”

“నిన్న ఫోన్ పెట్టేస్తివే. నేను ఏమనుకోవాల?”

“మాట్లాడను తెలియలే. వచ్చేది తెలుసు, వచ్చినాను.” వానలో వాడి మాటలు తొట్రుపడ్డాయి. “కార్తీశ్వరీ, ఈ కోటు రిసెప్షన్ కోటు. ఊరికే బీరువాలో ఉండాదంటే పురుగు పడతాది. మీ నాయన దగ్గరికి వచ్చి అడిగేదా?”

ఆమె పైట సర్దుకున్నట్టు చుడీదార్ చున్నీ సర్దుకుంది. వాడిని నెమలి నుంచి చెప్పుల దాకా, ఆ ఓడ సూపర్‌వైజరు చూసినట్టే చూసింది.

“పండుకునే ముందర టై కట్టుకోవాల్సి వస్తాది.”

“కట్టుకుంటాను.”

“చేతుల్లేని బనియను కుదరదు.”

“చిల్లి కుట్టించినాను.”

వెనక నుంచి సెల్లత్తాయి వచ్చింది. ఇద్దరూ తడుస్తుంటే చూసి, ఎర్రంచు తుండు భుజాల మీద నుంచి తీసింది. కోసినా తీయనన్న తుండు. నడిబజారులో, అంతమంది మగవాళ్ళ ముందర దాన్ని దులిపి కార్తీశ్వరి తల మీద కప్పింది.

“అమ్మా, నీకు?” పాండీశ్వరన్ కంగారుగా కోటు గుండీలు విప్పబోయాడు.

“విప్పద్దురా సామీ!” అరిచారు ఆడవాళ్ళిద్దరూ ఒక్కసారే.

“వానకు తడిసేదానికి తుండు ఏంటికి?” అంది సెల్లత్తాయి పరోటా కొట్టు బెంచీ మీద కూర్చుంటూ. “కోడలి తల తడవకుంటే చాలు. పొయ్యి ముందర ఎవురప్పా? మూడు ప్లేట్లు. ఇక్కడ కోటు అడగరు గదా?”