పసుపు పూసిన జీడిచెట్లు

ఎర్ర పెయింటు డబ్బాతో తోటలోకి అడుగుపెట్టిన గిరిబాబుకు నాలుగేళ్ల పృథ్వీరాజ్ అడ్డం నిలబడ్డాడు.

"ఆగు. సీమలెల్తన్నాయి. లైనయ్యాక నువ్వెల్లాల."

గిరిబాబు కిందికి చూశాడు. నిజంగానే చీమల బారు. దానికి అటువైపు పద్నాలుగు మంది పిల్లలు బోర్లా పడుకుని చూస్తున్నారు. వాళ్ల మధ్య, జడ నిండా ఎండుటాకులతో ఒక అమ్మాయి.

"మా తోటలో నేనాగాలేటండి?"

"తోట మీదే. దారి మాత్రం ఇప్పుడు వాటిది," అంది ఆమె, లేవకుండానే.

ఆమె అనూరాధ. కొత్తవలసలో డే కేర్ నడుపుతోంది. రెండేళ్లుగా రోజూ ఉదయం పిల్లల్ని ఈ జీడితోటకు తీసుకొస్తోంది. గింజలతో లెక్కలు, ఆకులతో రంగులు, వాన పడితే బురదలోనే పాఠం. అప్పట్లో సరేనన్నది గిరిబాబు తండ్రి నరసింగరావే. ఇప్పుడాయనే ముసలి చెట్లు కొట్టించి జామాయిల్ వేస్తానంటున్నాడు. కొట్టాల్సిన నలభై చెట్లకు గుర్తులు పెట్టడం గిరిబాబు పని.

సంగతి విన్నాక అనూరాధ లేచి నిలబడింది. "నీడ పోతే ఈ బడి లేదండీ. ఎప్పుడు కొడతారు?"

"సోమవారం. సాలూరు నుంచి లారీ వస్తాది."

నలభై గుర్తులంటే గంట పని. గిరిబాబుకు నాలుగు రోజులు పట్టింది.

"ఈ సెట్టు మీద నాకు డౌటుగా ఉన్నాది," అనేవాడు, ఆమె పక్కకు వచ్చి.

"డౌటుంటే వదిలెయ్యండి."

"నాన్న వదలడు కదండీ."

మూడో రోజు వాన. అందరూ ఒకే చెట్టు కింద, ఒకే టార్పాలిన్ కింద. అనూరాధ జడ నుంచి ఒక చుక్క అతని చేతి మీద పడింది.

"మీ పెయింటు కారిపోతోంది."

"కారనీండి," అన్నాడు, ఆ చుక్కనే చూస్తూ.

సోమవారం పొద్దున్నే కూలీల మేస్త్రి గంగులు గొడ్డలి కింద పెట్టేశాడు. అతని మనుషులు అప్పటికే చెప్పులు విప్పేశారు.

"నాను కొట్టను బాబూ. సూడు."

ప్రతి ఎర్ర గుర్తు చుట్టూ దట్టంగా పసుపు.

"అది పెయింటు రా గంగులూ."

"ఏదైతేనేటి? ఎరుపూ పసుపూ కలిసినాక అమ్మోరే. గొడ్డలెడితే మా ఇంటిల్లిపాదికీ సుట్టుకుంటాది."

గిరిబాబు తిన్నగా అనూరాధ దగ్గరికి వెళ్లాడు. "మంచి ప్లానే ఏసారు. నన్నడిగుంటే నేనే నాన్నతో మాటాడేవోణ్ణి."

ఆమె ముఖం ఎర్రబడింది. "అమ్మవారిని అడ్డం పెట్టుకుని బడి నడపను. శనివారం పిల్లలు పూస్తుంటే రంగులాట అనుకున్నాను. నేనే కడిగేస్తాను, కొట్టుకోండి."

బకెట్ తెచ్చి మొదటి చెట్టును కడగడం మొదలుపెట్టింది. నీళ్లకు పసుపు పోలేదు, ఆమె అరచేతులకు అంటుకుంది. అప్పుడే నరసింగరావు బండి దిగాడు. పృథ్వీరాజ్ ఏడుపు లంకించుకున్నాడు.

"మందు కడిగేత్తంది తాతా. సెట్టుకి రకతం వచ్చింది. మా మామ్మ దెబ్బకి పసుపే ఎడతాది. అందుకే అందరం ఇంట్లోంచి తెచ్చినాం."

నరసింగరావు చెట్టు మీద ఎర్ర గుర్తును బొటనవేలితో తడిమి చూశాడు. తను నాటిన చెట్టే.

"ఎన్నాళ్లకి తగ్గుతాదిరా డాక్టరూ?"

"నేను పెద్ద బడికెల్లేదాకా."

"నీ ఎనకాల ఇంకోడొస్తాడు కదా."

"ఆడూ పసుపు రాస్తాడు."

నరసింగరావు పకపకా నవ్వాడు. "గంగులూ, లారీ పంపించెయ్. జామాయిల్ మెట్ట మీదేద్దాం." తరువాత కొడుకు వైపు తిరిగాడు. "నలభై సెట్లకి నాలుగు రోజులంటే నాకు తెలవదేటి? ఎల్లి ఆ పిల్లనడుగు. నన్ను కాదు."

గిరిబాబు వెళ్లాడు. కానీ మధ్యలో చీమల బారు. ఆగాడు.

"సారీ అండీ. నేనలా అనకూడదు."

"అనకూడదు."

"నాన్న మిమ్మల్నొకటి అడగమన్నాడు."

"అడగాలని మీ నాన్నకా, మీకా?"

"నాకే. మొదటి రోజు నుంచీ. జతగా ఉందామేటి?"

అనూరాధ చీమల మీదుగా చెయ్యి చాపింది. గోళ్లలో ఇంకా వదలని ఎర్ర పెయింటుతో అతను ఆ పసుపు చేతిని పట్టుకున్నాడు.

అవతల గంగులు అప్పుడే వేసుకున్న చెప్పులు మళ్లీ విప్పాడు.

"ఇంకేటి బాబూ," అన్నాడు. "ఈ జత మీద ఎవుడూ గొడ్డలెట్టలేడు."