ఇరవై మూడో వారం

పొద్దున కాఫీలయ్యాక భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచారంటే ఆ ఇంట్లో పని మొదలైనట్టే. ఎలక్ట్రానిక్ విడిభాగాల కొట్టు నడిపే ఆయన, తుక్కు బోర్డుల నుంచి ఊడదీసిన చిప్పులను శాండ్‌పేపర్‌తో రుద్ది నల్లరంగు వేస్తాడు. భార్య వాటి మీద పెద్ద కంపెనీ పేరు, తయారైన సంవత్సరం, వారం తెల్లసిరాతో ముద్ర కొడుతుంది. ఆవిడ అక్షరం వంకరపోదని ఆయన సిగ్గులేకుండా మురిసిపోతాడు.

ఆసుపత్రిలో యంత్రాలు బాగుచేసే కూతురు ఆ వేళ చెప్పాపెట్టకుండా వచ్చింది. చిన్నప్పుడు ఆ చిప్పులను ఎండలో ఆరబెట్టింది తనే కాబట్టి దుప్పటి మడిచెయ్యాలని ఎవరికీ తోచలేదు. ఆ పిల్ల కూర్చోకుండానే కాలిపోయిన చిప్పొకటి తల్లి ముందు పెట్టింది. ఇది కాలిపోయి, నెలలు నిండని బిడ్డనుంచిన ఇంక్యుబేటర్ చల్లబడిపోయిందనీ, నర్సు చెయ్యిపెట్టి చూడబట్టి బిడ్డ దక్కిందనీ చెప్పింది.

తండ్రి చిప్పు వైపు చూడకుండానే వాదన ఎత్తుకున్నాడు. ఇలాంటివి ఊరంతా అమ్ముతున్నారట, కంపెనీవాళ్ల పేరు వాడుకుంటే అరిగిపోతుందా ఏమిటట.

"సంవత్సరం మారుస్తావు. వారం మాత్రం ఎప్పుడూ ఇరవై మూడే. ఎందుకమ్మా?" అంది కూతురు.

తల్లి చేతిలోని ముద్ర కింద పెట్టేసింది. "నువ్వు పుట్టిన వారం. కలిసొస్తుందని కొట్టేదాన్ని."

కూతురి కళ్లు నిండాయి. "అది చూసే మనదని పోల్చుకున్నాను. పక్కనున్న ఇంజనీరు ఎవరి సరుకిది అనడిగితే తెలీదన్నాను."

తన కూతురు తన కోసం అబద్ధమాడిందన్నది తండ్రిని నిలువునా కుంగదీసింది.

"మా ఆసుపత్రిలోవి ఆపించాను. మిగతావి ఎక్కడెక్కడున్నాయో మీ దగ్గర కొని ఆసుపత్రులకు అమ్మినాయనకే తెలుసు నాన్నా."

ఆయనకు నిజం చెబితే కొట్టు మూతపడుతుంది, పోలీసులూ వస్తారు. అది ముగ్గురికీ తెలుసు. తండ్రి ఆయనకు ఫోను కలిపి రెండుసార్లు కట్ చేసి, మూడోసారి మాట్లాడాడు.

"మీకిచ్చిన చిప్పులన్నీ వెంటనే తీయించండి. నకిలీవి. నేనే చేశాను."

తల్లి కొంగుతో ముఖం తుడుచుకుని ఆయన పక్కకొచ్చి నిలబడింది.

"మేం చేశాం అనండి," అంది మెల్లగా.