కాగితం పూల మొక్కకి దొంగనీళ్ళు

"మీరు నాకు అమ్మింది పూల మొక్కా, ఆకుల పొదా?"

డ్రిల్లు టీచరు నర్సరీలోకి వస్తూనే నిలదీసింది. పక్కింటి గోడ మీద కాగితం పూలు విరగబూస్తున్నాయట. తన డాబా మీది మొక్క మాత్రం పచ్చగా బలిసి ఊరుకుందట. నర్సరీ నడిపే కుర్రవాడికి ఆ కోపం కూడా ముద్దొచ్చింది. ఆ ఆదివారమే వెళ్ళి చూశాడు.

కుండీలో మట్టి బురదబురదగా ఉంది. దానికి గారాబం పనికిరాదనీ, ఎండలో కాస్త దాహంతో ఉంటేనే పూస్తుందనీ చెప్పాడు. మట్టి ఎండేదాకా చుక్క నీరు పోయనని ఆమె మాటిచ్చింది.

మరుసటి ఆదివారమూ అదే బురద. ఆ పై ఆదివారమూ అంతే.

"నేను నీళ్ళ ట్యూబు ముట్టుకోలేదండీ."

"మీరు కాదంటున్నారు, మట్టి అవునంటోంది."

నోరు జారాడు. ఆమె ముఖం చిన్నబోయింది. తనని అబద్ధాలకోరు అన్నవాళ్ళతో మాటల్లేవనీ, మొక్కని తీసుకుపొమ్మనీ చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఆ వారమంతా అతనికి అన్నం సహించలేదు. కుండీతోపాటు ఆ ఇంటికి దారీ పోతుందని బెంగ.

కుండీ కోసం ఆదివారం పొద్దున్నే వెళ్ళి మెట్లెక్కేసరికి, ఆమె తాతయ్య చెంబుతో మొక్కకి నీళ్ళు పోస్తూ దొరికిపోయాడు.

"ఏం చెయ్యను బాబూ? పూలు పూస్తే నువ్వు రావుగా. ఆదివారమొస్తే మా పిల్ల అద్దం ముందునుంచి కదలదు."

వెనక తలుపు దగ్గర టీచరు నిలబడి ఉంది. అంతా విన్నది. ఎటు చూడాలో తెలియక మొక్క వంక చూసింది.

"తప్పు నాదేనండీ, మిమ్మల్ని నమ్మాల్సింది," అన్నాడతను. "మీరంటే నాకు చాలా ఇష్టం. పూలొచ్చినా వస్తాను. ఏటా ఈ పూలప్పుడు వస్తాను."

"ఏడాదికి ఒక్కసారేనా?" అందామె.

నీళ్ళు ఆగాయి. ఎండలు ముదిరేసరికి డాబా గోడంతా గులాబీ రంగైంది. ఆ ఆదివారం అతను మొగ్గ తొడిగిన మల్లె మొక్క తెచ్చి తాతయ్య ముందు పెట్టాడు. దీనికి రోజూ పోసినా ఫరవాలేదన్నాడు.

తాతయ్య మహా ఉత్సాహంగా చెంబందుకున్నాడు.

"ఇక మీరిద్దరూ కిందికెళ్ళి మాట్లాడుకోండి. నాకిక్కడ పనుంది."