రాగి గొట్టానికి మూడు బెజ్జాలు

జానీబీ ఆఫీసులోకి వచ్చినప్పుడు ఆమె కాళ్ళకున్న చెప్పులు రెండూ ఒక జతవి కావు. ఒకటి ఆమెది, రెండోది మొగుడిది. మార్టూరులో బస్సెక్కి, ఒంగోలులో దిగి, జిరాక్సు షాపు పక్క మెట్లెక్కి, ‘ప్రైవేటు పరిశోధన’ అని రాసిన తలుపు తోసేదాకా ఆ సంగతి ఆమె చూసుకోనేలేదు. అసిస్టెంటు భానుశ్రీ కుర్చీ జరిపినా కూర్చోలేదు.

“సార్, మా ఆయన్ని రేపు సాయంత్రం అరెస్టు చేస్తారంట. బాంబు చేసి మనిషిని చంపాడంట. లేత్ మిషన్ మీద బోల్టులు చేసుకు బతికే మనిషి సార్, దీపావళికి టపాకాయలంటేనే చెవులు మూసుకుంటాడు.”

“కూర్చోమ్మా. రేపు సాయంత్రం అంటే మనకింకా చాలా టైముంది,” అన్నాడు అమానుల్లా.

అమానుల్లాకు యాభై రెండేళ్ళు. కరెంటు ప్రమాదాల తనిఖీ ఉద్యోగంలో ఇరవై ఏళ్ళు చచ్చినవాళ్ళ ఇళ్ళకు తిరిగి తిరిగి, ఇక చాలని మానేశాడు. మానేసి పెట్టుకున్న పనీ అలాంటిదే అయింది. నుదుటి రాత అంటే ఇదే కాబోలు. ఇక భానుశ్రీ చీరాల మగ్గాల ఇంటి పిల్ల, కెమిస్ట్రీ చదివింది. అమానుల్లా దగ్గినా అందులో ఏదో అంతరార్థం ఉందని నోటుబుక్కులో రాసుకునే రకం.

జానీబీ చెప్పింది ఇదీ. ఆమె భర్త బాజీ లేత్ షాపు పక్కనే పానకాలు గారి గ్రానైటు పాలిషింగ్ షెడ్డు ఉంది. పానకాలుకు ఒక్కడే కొడుకు శివనాగరాజు, ఇరవై ఆరేళ్ళవాడు. బాజీకి ప్రాణ స్నేహితుడు. పోయిన శుక్రవారం పొద్దున షెడ్డు పైగదిలో శివనాగరాజు చేతిలోని రాగి గొట్టం పేలింది. దాని మూత ఎగిరి నుదుటికి తగిలింది. గుంటూరు తీసుకెళ్తుండగా దారిలోనే ప్రాణం పోయింది. ఆ గొట్టం చేసిచ్చింది బాజీ. టార్చిలైటని చెప్పి బాంబు చేసిచ్చాడని పానకాలు ఫిర్యాదు. దానికి తోడు అంతకు రెండు రోజుల ముందు, బుధవారం నాడు, బాజీ నడివీధిలో “ఇది నీ ప్రాణం తీస్తది చూడరా” అని అరవడం వీధి వీధంతా విన్నది.

“అది టార్చిలైటేనా అమ్మా?” అడిగాడు అమానుల్లా.

జానీబీ తల దించుకుంది. “మా ఆయన టార్చే అంటన్నాడు సార్. కానీ టార్చికి బల్బుండాల గదా. నేను దానికి బల్బు చూళ్ళా.”

అమానుల్లా లేచి సంచీ భుజాన వేసుకున్నాడు.

మార్టూరు స్టేషన్లో ఎస్సై మంచివాడే. గొట్టాన్ని కాగితం మీద పెట్టి చూపించాడు. జానెడు పొడవు కూడా లేదు. పైభాగం పువ్వులా విచ్చుకుంది, మూత బిగించే మర చీలిపోయింది, నడుము కాస్త ఉబ్బింది. అడుగు భాగం మాత్రం చెక్కుచెదరలేదు. అద్దంలా మెరుస్తోంది. భానుశ్రీకి అందులో తన ముక్కు కనిపించింది.

విచారణకని పిలిపించి బెంచీ మీద కూర్చోబెట్టిన బాజీ వాళ్ళను చూసి లేచాడు. గడ్డం మాసిపోయి ఉంది.

“బల్బు లేని టార్చి ఎలా వెలుగుతుందయ్యా?” అన్నాడు అమానుల్లా తిన్నగా.

బాజీ ఓసారి ఎస్సై వైపు చూశాడు. తర్వాత, “వేప్ సార్ అది. పొగ పీల్చేది. నాతో ఒట్టేయించుకున్నాడు. సిగరెట్లు మానేశానని వాళ్ళ నాన్న ముందు కొబ్బరికాయ కొట్టాడు గదా. ఇది తెలిస్తే ఆయన గుండె పగిలిద్దని. ఒకరోజు పానకాలు బాబాయే షాపుకొచ్చి ‘ఏందిరా ఇది’ అనడిగితే, టార్చి అన్నా. చచ్చినోడి పరువు తీయలేక ఇక్కడా అదే చెప్పా.”

“ప్రభుత్వం నిషేధించినా దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారుగా. నీతో చేయించుకోవడం దేనికి?”

“వాటిల్లో చిన్న సర్క్యూట్ బోర్డుంటది సార్. మా రాతి దుమ్ముకి, నీళ్ళకి నెలకోటి పాడయ్యేది. పైగా కాస్త వేడెక్కితే అదే కట్ చేసేస్తది, పొగ ఒక లెక్క దాటి రానివ్వదు. వీడికేమో గది నిండిపోయేంత పొగ కావాల. బోర్డు లేకుండా ఉత్త గొట్టం చెయ్యమన్నాడు. లోపల ఒక బ్యాటరీ సెల్లు, పైన వేడెక్కి పొగ చేసే తీగచుట్ట, కింద బటన్. నొక్కినంతసేపూ కరెంటే.”

“ఆపేవాళ్ళు లేరన్నమాట.”

“మనిషే ఆపుకోవాల సార్. అందుకే నేను బటన్‌కి లాకు రింగు పెట్టా. అడుగున మూడు బెజ్జాలు కొట్టా, మూడు మిల్లీమీటర్లవి. సెల్లు చెడితే గ్యాసు అటుగా పోద్ది, చెయ్యి కాల్తదిగానీ ప్రాణం పోదు. బుధవారం గొడవ కూడా దానికే. ఇంకా లావు తీగ వేస్తానన్నాడు. అంత కరెంటు లాగితే సెల్లు తట్టుకోలేదురా అని మొత్తుకున్నా. వింటేగా!”

ఎస్సై గొట్టాన్ని తిప్పి చూపించాడు. “బెజ్జాలా? ఏవయ్యా? అమానుల్లా గారూ, మీరే చూడండి. సూదంత సందు కూడా లేదు. మొదట టార్చన్నాడు, ఇప్పుడు బెజ్జాలంటున్నాడు.”

నిజమే. బటన్ చుట్టూ అడుగంతా నున్నగా ఉంది. బాజీ కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు. “కొట్టాను సార్... నా పిల్లల మీదొట్టు, కొట్టాను.”

భానుశ్రీ ఉసూరుమంది. అమానుల్లా మాత్రం భూతద్దం తీసి గొట్టం అడుగును చాలాసేపు చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు. “దీనికి మెరుగు నువ్వే పెట్టావా?” అని ఒక్కటే అడిగాడు.

“లేదు సార్. లేత్ మీంచి దించి అట్టాగే ఇచ్చా. గీతలు గీతలుగా ఉండాల.”

అక్కణ్ణించి సెల్‌ఫోన్ రిపేర్ల అశోక్ దగ్గరికి వెళ్ళారు. సెల్లు, తీగ ఇచ్చింది అతనేనని బాజీ చెప్పాడు. వేప్ అన్న మాట వినగానే అశోక్ షట్టరు సగం దించేశాడు.

“నాకేం సంబంధం లేదండీ. పాత లాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన సెల్లు, పైతొడుగు కొంచెం చిరిగితే టేపేసిచ్చా. తీగ లావుది కావాలని వాడే అడిగాడు. ఎవరి పొగ పెద్దదని మాలో మాకు పోటీ.”

“పోటీలో గెలిచాడా?”

అశోక్ ఫోను తీసి, మంగళవారం తీసిన ఫోటో చూపించాడు. శివనాగరాజు గొట్టం అడుగును కెమెరా వైపు తిప్పి పట్టుకుని నవ్వుతున్నాడు. మొహం సగం కనపడకుండా పొగ. భానుశ్రీ ఫోటోను పెద్దది చేసి చూసి కేక పెట్టింది.

“సార్! అడుగున మూడు చుక్కలు! గీతలు కూడా ఉన్నాయి!”

“ఊఁ,” అన్నాడు అమానుల్లా. ఆ ‘ఊఁ’లో సంతోషం లేకపోవడం ఆమెకు అర్థం కాలేదు.

పానకాలు షెడ్డులో కొడుకు దినం కూడా కాకముందే మిషన్లు తిరుగుతున్నాయి. లోకం ఏమన్నా అనుకోనీ, ఇంట్లో కూర్చుంటే ఆ మనిషికి పిచ్చెక్కుతుంది. ముప్పై ఏళ్ళ కింద పాలిషింగ్ కూలీగా చేరి, ఈ షెడ్డు పెట్టిన మనిషి. ఒక ఎర్రరాయి పలక మీద అరచెయ్యి పాముతూ మాట్లాడాడు.

“మీరు వాడి తరఫున వచ్చారని తెలుసు. అయినా చెప్తా, వినండి. తల్లి లేని పిల్లోణ్ణి నేను పెంచా. బాజీగాణ్ణి కూడా నా చేతులతో ఎత్తుకున్నా. టార్చని నాకు చెప్పి, నా కొడుకు చేతిలో బాంబు పెట్టాడండీ. వాణ్ణి ఉరి తీసినా నా కడుపుమంట చల్లారదు.”

“గురువారం ఆ టార్చి ఎక్కడుందండీ?”

“అదుగో, ఆ బల్ల మీద. సాయంత్రం చీమకుర్తిలో రాయి లోడింగుందని పోతా మర్చిపోయాడు. పొద్దుపోయాక వచ్చి తీసుకున్నాడు.”

మాట్లాడుతుండగానే ఆయన వేలు పలక మీద ఒకచోట ఆగింది. భానుశ్రీకి అక్కడ ఏమీ కనపడలేదు. ఆయన మాట ఆపకుండానే డబ్బాలోంచి కాస్త రెసిన్ జిగురు తీసి, అది గట్టిపడే హార్డనర్ చుక్క వేసి, చిటికెడు ఎర్రపొడి కలిపి, వేలికొసతో ఆ సూదిబెజ్జంలో అద్దాడు. రాతిలో కలిసిపోయింది. తన చెయ్యి ఏం చేసిందో ఆయన గమనించినట్టే లేదు.

అమానుల్లా మరి ప్రశ్నలేమీ వెయ్యలేదు. నమస్కారం పెట్టి బయటికొచ్చాడు.

“తెలిసిపోయిందా సార్?” అంది భానుశ్రీ ఆత్రంగా.

“తెలిసింది. తెలియకుండా ఉంటే బాగుండేది.”

“అదేంటి సార్?”

“ఈ కేసు మనం ఓడిపోతే ఏమవుతుంది?”

“బాజీ జైలుకి పోతాడు.”

“గెలిస్తే ఏమవుతుందో రేపు చూద్దువుగాని. ముందు నాకు అలాంటి గొట్టాలు రెండు కావాలి. ఒంగోలులో మనకు తెలిసిన లేత్ అతనికి ఫోన్ చెయ్యి.”

మర్నాడు మూడింటికి పానకాలు షెడ్డులో అందరూ పోగయ్యారు. మిషన్లు ఆపేశారు. ఎస్సై బాజీని వెంటబెట్టుకొచ్చాడు. జానీబీ మొగుడి వెనక నిలబడింది. అశోక్ తలుపు దగ్గరే ఉన్నాడు, పారిపోవడానికి వీలుగా. పానకాలు పాలిష్ కాని ఒక రాయి మీద కూర్చున్నాడు, బాజీ వైపు చూడకుండా.

అమానుల్లా నిలబడి, గొంతు పెంచకుండా మొదలుపెట్టాడు.

“పానకాలు గారూ, ముందుగా మీకు బాధ కలిగించే మాట ఒకటి. అది టార్చి కాదు. మీ అబ్బాయి సిగరెట్లు మానేసి దానితో పొగ పీల్చేవాడు. మీకు తెలిస్తే బాధపడతారని దాచాడు. అతని మాట కోసం బాజీ కూడా దాచాడు.”

పానకాలు తలెత్తాడు.

“పెద్ద పొగ కావాలంటే పెద్ద కరెంటు కావాలి. దాన్ని అదుపు చేసే బోర్డు అక్కర్లేదనుకున్నాడు. అశోక్ ఇచ్చిన పాత సెల్లు ఆ లావు తీగ గుంజే కరెంటుకు తట్టుకోలేదు. శుక్రవారం పొద్దున అది చెడింది. అక్కడిదాకా తప్పు ఆ పిల్లలది. కానీ అక్కడితో ఆగితే మనిషి చావడు. సెల్లు చెడితే వచ్చే గ్యాసు పోవడానికి బాజీ మూడు బెజ్జాలు కొట్టాడు. ఈ ఫోటో చూడండి ఎస్సై గారూ, మంగళవారం అవి ఉన్నాయి.”

“మరి గొట్టానికి లేవుగా?” అన్నాడు ఎస్సై.

అమానుల్లా జేబులోంచి సూది తీసి, పట్టకారుతో పట్టుకుని లైటరు మీద ఎర్రగా కాల్చాడు. ఎస్సై తెచ్చిన గొట్టం అడుగున ఒకచోట ఆనించాడు. సూది రాగి మీద జారింది. కొంచెం పక్కన ఆనించాడు. చిన్న కమురు కంపు కొట్టి, సూది సగం దాకా లోపలికి దిగిపోయింది. జానీబీ “అల్లా!” అంది.

“రాగిలో సూది దిగదు. ఇది రాళ్ళకు పెట్టే రెసిన్. రంగు కలిసేలా ఎర్రరాయి పొడి కలిపి, ఆరాక మెరుగు పెట్టారు. ఎంత మంచి పనంటే, మొదట భూతద్దానికి కూడా దొరకలేదు. ఇవాళ పొద్దున పాడుబడ్డ క్వారీలో రెండు గొట్టాలు పరీక్షించాం. బెజ్జాలున్నది బుస్సుమని ఆగిపోయింది. పూడ్చింది మాత్రం మూత ఎగరేసింది.”

“అయితే పూడ్చినవాడే హంతకుడు. ఎవరు వాడు?” అన్నాడు ఎస్సై.

“హంతకుడు కాదు. పూడ్చిన మనిషికి అదేమిటో తెలియదు. తెలియనివ్వలేదు. బాజీ మీద కేసు లేదని రాసుకోండి. నన్ను ఇంకేమీ అడక్కండి.”

భానుశ్రీ నోటుబుక్కు మూసేసింది. ఆమెకు అప్పుడు అర్థమైంది, గెలవడమంటే ఏమిటో. ఇన్నాళ్ళూ తన గురువు తెలివికి మురిసిపోయిన పిల్ల, ఆ తెలివి ఆయనకు లేకపోతే బాగుండునని మొదటిసారి అనుకుంది.

పానకాలు ఆ సూది వైపే చూస్తున్నాడు. కుడిచేతి బొటనవేలు చూపుడువేలిని రాస్తోంది.

“నేనేనండి,” అన్నాడు.

లేచి వచ్చి గొట్టం అడుగును వేలితో తడిమాడు.

“టార్చన్నారు గదా. వాడేమో వానలో లోడింగులకు తిరుగుతాడు. ఇట్టా బెజ్జాలుంటే నీళ్ళు పోయి చెడిపోద్దిగా, ఈ బాజీగాడికి పని రాదు, అనుకున్నా. గురువారం సాయంత్రం వాడు లేనప్పుడు కూర్చుని పూడ్చా. మెరుగు పెట్టా. పొద్దున్నే వాణ్ణి పిలిచి, ‘బెజ్జాలెక్కడున్నయ్యో చెప్పరా చూద్దాం’ అని ఆట పట్టిద్దామనుకున్నా. వాడు లేచేసరికి నేను మోటారు దగ్గరున్నా.”

బాజీ ముందుకొచ్చాడు. “టార్చని చెప్పింది నేను బాబాయ్. ఆ రోజు నిజం చెప్పుంటే నువ్వు రెండు దెబ్బలేసి దాన్ని కాలవలో పారేసేవాడివి. వాడుండేవాడు.”

పానకాలు అతని మొహంలోకి చూశాడు, కొడుకు పోయాక మొదటిసారి. తర్వాత ఎస్సై వైపు తిరిగాడు.

“ఫిర్యాదులో వీడి పేరు కొట్టేయండి. అక్కడ నా పేరు రాయండి.”

“ఇది ప్రమాదం పెద్దాయనా. ఎవరి పేరూ రాయక్కర్లేదు,” అన్నాడు ఎస్సై మెల్లగా.

“ఎవరి పేరూ లేకపోతే ఎట్టాగండీ? ఇన్ని రోజులూ వీణ్ణి తిట్టుకుంటానే బతికా. ఇక మీదట నేనెవర్ని తిట్టుకోవాల?”

బాజీ వచ్చి ఆయన కాళ్ళ దగ్గర రాతిదుమ్ములో కూలబడ్డాడు.

“నన్నే తిట్టు బాబాయ్,” అన్నాడు.