పట్టుకునేటోళ్లు

మిర్యాలగూడల రైసుమిల్లు పక్కన మేడ మీద నా రూము. కిటికీ మూసినా తౌడు ఆగదు. మంచం మీద తౌడు, అన్నంల తౌడు, కీబోర్డు మెట్ల సందుల తౌడు. పొద్దుగాల తుడిస్తే పగటీలికి మళ్ల పేరుకుంటది. కిరాయి తక్కువని ఉన్న గని, ఆ కమురు వాసనకు తలకాయ పగిలేది.

నా పేరు హీరాలాల్. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల కీబోర్డు వాయిస్త. కోపమెక్కువ అంటరు అందరు. అననీయి. తొంభై తొమ్మిదిల హైదరాబాదు నుంచి ఒక పాత వర్క్‌స్టేషన్ కీబోర్డు తెచ్చిన. దాంట్ల ఆర్పీజియేటర్ అని ఒకటి ఉంటది. మూడు మెట్లు కలిపి ఒత్తితె, ఆ మూడు సురాలను అదే ఇడదీసి ఒకదాని ఎంబడి ఒకటి వాయిస్తది. ఏ వరసల వాయించాల్నో మనం నేర్పాలె. తెర మీద గడులుంటయి. ఏ గడిల ఏ సురం, ఎంత గట్టిగ, ఎంతసేపు... అన్ని నింపాలె. ఖాళీ ఇడిస్తే గాడ చప్పుడుండదు. నేర్పేటోడు ఒక్కడు లేడు. పుస్తకం సూస్తే అంతా ఇంగ్లీషు. తిట్టుకుంట తిట్టుకుంటనే నేర్చిన.

అంత పంతం ఎందుకంటె, నా చెల్లె నీలా పెళ్లి. ఆ ఏడు ఎండకాలమే, ఒక శుక్రవారం నాడు. పిలగానిది తుంగతుర్తి దిక్కు. మా లంబాడోళ్లల్ల పెళ్లిపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు ఒక్కొక్కల మెడ పట్టుకుని, రాగం తీసి ఏడుస్తది. దాన్ని ఢావ్లో అంటం. తల్లే నేర్పుతది. మా అమ్మ మంగ్లీ, మేం యాడీ అని పిలిచేటోళ్లం, నీలా నడక నేర్వకముందే జరమొచ్చి పోయింది. నా రూము పక్క మిల్లులనే తౌడు ఎత్తేది. ఎడమ చేతి రెండు వేళ్లు బెల్టుల పడి పోయినా అదే చేత్తోటి మమ్ముల సాదింది.

ఢావ్లో రాకపోతె తండా అంతా నవ్వుతదని నీలాకు రంధి. తిండి బందు పెట్టింది. మేనత్త భూలిని నేర్పమని అడిగితె తల అడ్డం ఊపింది.

"తల్లి లేని పిల్లకు నేర్పొద్దురా. ఎవలను తలుసుకొని ఏడుస్తది?"

నాకు మండింది. "నువ్వు నేర్పకపోతె ఏం మునగదు. యాడి రాగం నాకు యాదికున్నది. మిషినికి నేర్పుత, అది ఇనుకుంట నీలా నేర్సుకుంటది."

అత్త నా దిక్కు తిరిగింది. "ఏడుపు ఎత్తినంక ఎవలన్న పట్టుకోవాలె హీరా. ఎదకు హత్తుకొని అలాయ్ తీసుకొని, ఈపు తట్టి దించాలె. లేకుంటె అది దిగదు. నీ మిషిన్‌ల పట్టుకునేటోళ్లెవలు?"

"గాడ హోల్డ్ అని బటనే ఉన్నది, అది ఒత్తితె చెయ్యి తీసినా రాగం ఆగదు. హోల్డ్ అంటె పట్టుకునుడే" అని ఎగతాళి చేసిన.

అత్త కొంగు దులుపుకొని లేచి పోయింది.

బుధవారం నీలా కుట్టిచ్చిన జాకెట్లు తీసుకపోనీకి మిర్యాలగూడ వచ్చింది. పగటి పూట. ఎండ మండుతున్నది, కింద మిల్లు దడదడ నడుస్తున్నది. నల్ల జాకెట్టు తొడుక్కొని నా మంచం మీద కూసున్నది. నేను గడులు నింపుతున్న. మిషిన్ మోజంతా పైకి ఎక్కుడే. ఢావ్లో కిందికి జారాలె. సురాలన్ని తిరగేసిన, వేగం తగ్గించిన, ఒక్కో సురం ఇంకోదాని మీద వాలేటట్టు పొడుగు పెంచిన. ఆఖరి గడి ఖాళీ ఇడిసిన. యాడి గాడ ఊపిరి తీసుకునేది.

మూడు మెట్లు ఒత్తిన. హోల్డ్ ఏసిన. ఎర్ర లైటు ఎలిగింది. చెయ్యి తీసిన.

రాగం తనంతల తనే నడిచింది. అచ్చం యాడిదే.  ఒక్క చుట్టు, ఇంకో చుట్టు... అప్పుడు ఇనిపించింది.

ఖాళీ గడిల చప్పుడు.

మెత్తగ, ఒక్కటే దెబ్బ. అరచేత్తోటి ఈపు తట్టినట్టు. తెర సూసిన. గడి ఖాళీగనే ఉన్నది. మిల్లు బెల్టు చప్పుడేమో అనుకున్న.

"అన్నా..." అన్నది నీలా. గొంతు చిన్నగయింది. "తౌడు వాసన ఎక్కువయింది."

లేచి నిలబడ్డది. మూలకు తిరిగింది. రెండు చేతులు ఎత్తి, లేని మెడ సుట్టు ఏసింది. ఏడుపు ఎత్తింది. ఆమెకు ఎవలూ నేర్పని ఢావ్లో, ఒక్క మాట తప్పకుంట.

కరెంటు పోయింది.

మిల్లు ఆగింది. ఫ్యాను ఆగింది. కీబోర్డు ఆగింది. నీలా ఆగలేదు.

అదే వేగం. అదే జారుడు. ఆఖరికి ఒక ఖాళీ... ఆ ఖాళీల టప్పుమని తట్టుడు. మళ్ల మొదటి నుంచి. మధ్యల ఊపిరి తీసుకుంటలేదు. మొఖం నల్లబడుతున్నది. భుజం పట్టి గుంజిన, కదలలేదు. గోడకు కొట్టిన మేకు తీరుగ ఉన్నది. హోల్డ్ బటన్ ఒత్తిన. ఒత్తిన... ఒత్తిన... కరెంటు లేని మిషినికి ఏం తెలుస్తది. 

కరెంటు వచ్చింది. నింపిన గడులు మిషిన్ల ఇంకా దాచలేదు, కరెంటు పోతె అంతా చెరిగిపోవాలె. చెరగలేదు. ఎర్ర లైటు ఎలుగుతనే ఉన్నది. బటన్ ఒత్తిన. లైటు ఆరింది.

నీలా కింద కూలింది. నీళ్లు కొట్టిన. కండ్లు తెరిచి నవ్వింది.

"యాడి వచ్చింది అన్నా. పట్టుకున్నది."

ఆమె ఈపు సూసిన. నల్ల జాకెట్టు మీద తౌడుతోటి రెండు అరచేతుల ముద్రలు. నాకు ఏడుపు ఆగలేదు. తల్లిని సూసినంత సంబరం అయింది. తువ్వాలతోటి దులిపి, కోదాడ బస్సెక్కి, అనంతగిరి దగ్గర మా తండాకు తీసుకపోయిన. దారి పొడుగునా నీలా అన్నం మాట, పెళ్లి మాట మాట్లాడుకుంటనే వచ్చింది. అంత సంతోషంగ ఆమెను ఎన్నడూ సూడలేదు.

తెల్లారి పొద్దుగాల తానం చేసి కొత్త జాకెట్టు తొడుక్కున్నది. అత్త ఆమె జడ ఏస్తున్నది. చెయ్యి ఆగింది. నన్ను సైగతోటి పిలిచింది.

కొత్త జాకెట్టు మీద తౌడు ముద్రలు. నిన్నటి కంటె పైకి జరిగినయి. మెడ దగ్గరికి.

"మన తండాల తౌడెక్కడిదిరా?" అన్నది అత్త, నాకే ఇనబడేటట్టు.

"యాడి అత్తా. నీలాను సూడ వచ్చింది."

అత్త నా చెయ్యి పట్టి ముద్రల దగ్గరికి గుంజింది. "ఎడమ చెయ్యి లెక్కవెట్టు."

ఐదు వేళ్లు ఉన్నయి.

 కీబోర్డు మిర్యాలగూడలనే ఇడిసి వచ్చిన. హోల్డ్ నా చేత్తోనే బందు చేసిన. మరి ఇదెవలు?

"నీలా," అన్న మెల్లగ, "నిన్న పట్టుకున్నామె... మొఖం సూసినవా?"

"లేదన్నా. మెడల మొఖం పెట్టుకున్నది గద." ఇంక ఒక మాట అన్నది. "ఇంకా ఇడువలేదు."

పెళ్లి ఆపమని అత్త కాళ్లావేళ్లా పడ్డది. ఎవలింటరు? నేనే గట్టిగ చెప్పలేకపోయిన. ఏమని చెప్పాలె?

శుక్రవారం పగటీలి సాగనంపుడు. నీలా ఢావ్లో ఎత్తింది. తండాల ముసలోళ్లంతా కండ్లు తుడుసుకున్నరు, అచ్చం మంగ్లీ గొంతే అన్నరు. నాకొక్కనికే తెలుసు, ఆ వేగం నేను పెట్టిన వేగం. ఆ జారుడు నేను నింపిన గడులు. ఖాళీ వచ్చినప్పుడల్లా తట్టుడు ఇనబడుతున్నది. ఇంకెవ్వలూ తల తిప్పి సూడలేదు.

ఆడోళ్లు ఒక్కొక్కలు అలాయ్ తీసుకునేటందుకు పోయిన్రు. ఒక్కొక్కలు చెయ్యి ఏసి, జరంత ఆగి, చెయ్యి ఎనుకకు తీసుకున్నరు.  ఒకలి మొఖం ఒకలు సూసుకున్నరు.

ఆఖరికి అత్త పోయింది. దించుదామని నీలా ఈపు మీద చెయ్యి పెట్టింది. పెట్టి, తీసి, నా దగ్గరికి వచ్చింది.

"గాడ జాగ లేదురా హీరా," అన్నది. "నా చెయ్యి కింద ఇంకో చెయ్యి ఉన్నది."

జీపు కదిలింది. నీలా ఏడుపు ఆపలేదు. పిలగాడు పాపం మంచోడు. ఊకుంచుదామని ఆమె ఈపు సుట్టు చెయ్యి ఏసిండు. జీపు తండా దాటేదాక సూసిన. ఆయన చెయ్యి మెల్లగ ఎనుకకు తీసి, అరచెయ్యి తిప్పి సూసుకుంటున్నడు.