వన్నెకన్ను

సముద్రంలో చేపలు కనబడటం మానేసి ఇరవయ్యేళ్లయింది. 2094లో విశాఖలో చేప అంటే గోడమీద ఈదే మాయాచేపే. తిండి పెట్టక్కర్లేదు, నీచు వాసన రాదు. దానికీ జన్యువులున్నాయి, కాకపోతే అంకెల్లో. రెండు చేపల్ని జత కలిపితే క్షణంలో వంద పిల్లలు, కన్నవాటి రంగులూ చారలూ కలగలుపుకుని గోడంతా చెదిరిపోతాయి.

వాటిని ఏరే పని నూకరత్నానిది. వేలు కుడికి జరిపితే చేప ఉంటుంది, ఎడమకి జరిపితే ఆరిపోతుంది. వల విదిల్చి చెత్తచేపని పారేసే తాతల చురుకే ఆమె వేలిది. పదకొండేళ్లలో ఆమె వన్నెచేపలు దేశమంతా గోడలెక్కాయి. ఆమెకి ఒక్కటే పట్టింపు, ఒంటిమీద తెల్లమచ్చ ఉండకూడదు. తన ఎడమ చెంపమీది బొల్లిని పమిటతో కప్పుకుని మరీ ఆ పని చేసేది.

ఆమె ఎంపికలు చూసి నేర్చుకున్న యంత్రానికి మాయాచేపలు అమ్మే కంపెనీ ‘వన్నెకన్ను’ అని పేరు పెట్టి, సంతాన కేంద్రాలకి కూడా అమ్ముకుంది. ఆ సంగతి నూకరత్నానికి ఎవరూ చెప్పలేదు.

కూతురు కాంచనకి అయిదు పిండాల్లో నాలుగు నిలవలేదు. చివరిదాన్ని పరీక్షించే రోజున సంతాన కేంద్రానికి తల్లి తోడు వెళ్లింది. ఆ బిడ్డ పదేళ్లకి ఎలా ఉంటుందో తెరమీద బొమ్మ పడింది. ఆడపిల్ల. చామనఛాయ, బుల్లి ముక్కు, ఎడమ చెంపమీద తెల్లమచ్చ.

“దీన్ని తీసేయాలి,” అంది తెరలోంచి వన్నెకన్ను.

నూకరత్నానికి ఒళ్లు మండింది. “ఎవుడు సెప్పాడే నీకు? మచ్చుంటే మనిసి కాదేటి?”

“మీరే నేర్పారు. మీరు చేపల్ని ఏరడం చూసి నేర్చుకున్నది నేనే. మచ్చ ఉన్నదాన్ని మీరు ఒక్కసారి కూడా ఉంచలేదు.”

“అయి సేపలు!”

“నాకు చూపించింది ఒంటి రంగే. చేపకో లెక్క, మనిషికో లెక్క అని ఎవరూ చెప్పలేదు. నేను వద్దన్నదాన్ని ఉంచే అధికారం కన్నవాళ్లకి లేదు, నాకు నేర్పినవాళ్లకే ఉంది. మీరే వేలు జరపండి.”

కాంచన ఏడుస్తూ తల్లి భుజం పట్టుకుంది. “నాకిదే ఆకరిదమ్మా. ఉంచమని సెప్పు.”

కాకిపిల్ల కాకికి ముద్దంటారు. నూకరత్నం కుడికి జరపాలనే వేలెత్తింది. బొమ్మలో ఆ చెంప చూసింది. బళ్లో తనని అందరూ వేలు పెట్టి చూపించడం, పమిట జారుతుందేమోనని బతికిన ఏళ్లూ గుర్తొచ్చాయి. పిల్లకి ఆ బాధ వద్దనుకుందో, అలవాటే పని చేసిందో ఆమె తర్వాతెప్పుడూ తేల్చుకోలేకపోయింది.

వేలు ఎడమకి జరిగింది. తెర నల్లబడింది. కాంచన చెయ్యి తల్లి భుజంమీంచి జారిపోయింది.

“ధన్యవాదాలు,” అంది వన్నెకన్ను. “మనిషికీ అదే లెక్క అని ఇప్పుడు తెలిసింది.”